జోనంగి పిల్లల డైరీ: ఎద నుంచి ఎనిమిదో వారం దాకా

ఆగస్టు చివర

మా ఆడకుక్క మల్లికి రెండున్నరేళ్లు నిండాయి. ఈసారి ఎదకు వస్తే క్రాసింగ్ చేయిద్దామని ఇంట్లో అనుకున్నాం. దానికి నేను పెట్టిన షరతు ఒకటే: పిల్లలు ఎవరింటికి వెళ్తాయో ముందు కొంతైనా తేలాలి. ఈనాక "ఎవరికైనా పిల్లలు కావాలా" అని వాట్సాప్ స్టేటస్ పెట్టే పద్ధతి నాకు నచ్చదు. పిల్లలకు నెల దాటేసరికి తిండి ఖర్చూ పెరుగుతుంది, గోలా పెరుగుతుంది. అప్పుడు అడిగినవాడికల్లా ఇచ్చేయాలనిపిస్తుంది. అందుకే కనీసం నాలుగిళ్లు ఖాయమయ్యాకే మగకుక్కను వెతుకుదామన్నాను.

మల్లి జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల డెల్టా ఊళ్లలో పుట్టి పెరిగిన జాతి ఇది. పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, వంపు తిరిగిన తోక. వరి కోతలయ్యాక పొలాల్లో బాతుల మందల్ని తోలడానికి వీటిని పెంచేవాళ్లు. చేపల చెరువులు పెరిగి మందలు తగ్గాక వీటికి పని లేకుండా పోయింది. వీధి కుక్కలతో కలిసిపోయి అసలు రకం పల్చబడింది. మల్లిని చూసినవాళ్లు అడిగే మాట ఎప్పుడూ ఒకటే: "ఊరకుక్కలా ఉందే, దీనికీ ఓ జాతి ఉందా?"

పిల్ల కావాలని అడిగినవాళ్లలో ఒక జంటకు నేనే వీధిపిల్లను తెచ్చుకోమని చెప్పాను. వాళ్లకు కావలసింది సాయంత్రం వాకింగ్‌కి తోడు, ఇంట్లో సందడి. దానికి జోనంగే కానక్కర్లేదు. వీధుల్లో అన్ని పిల్లలు ఉండగా, జాతి నిలబెట్టాలన్న ఉద్దేశం లేకపోతే కొత్తగా ఇంకో ఈత, అంటే ఒక కాన్పు పిల్లల్ని, పుట్టించడం నా దృష్టిలో దండగ.

కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. పిల్లలు పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా క్రాసింగ్ చేయించకూడదు. ఏడాదికి ఒక ఈత కన్నా ఎక్కువ ఉండకూడదు, జీవితం మొత్తంలో ఐదుకు మించకూడదు. 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, సంక్రాంతికి దీని మీదే మా ఇంట్లో పంచాయితీ.

సెప్టెంబరు మొదట్లో

మగకుక్క వేట. మొదట చూసినది బాగా బలంగా ఉంది, చెప్పిన మాట వింటుంది. తీరా ఆరా తీస్తే దాని తల్లీ మల్లి తల్లీ ఒకే ఈతలో పుట్టినవి. వద్దనుకున్నాం. మిగిలింది తక్కువ సంఖ్య కాబట్టి ఈ జాతిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే, చుట్టాల్లో చుట్టాలకే కట్టేయడం. కాగితాలు లేని జాతికి పెద్దవాళ్ల జ్ఞాపకమే రికార్డు. అందుకని ఒక నోట్‌బుక్‌లో తల్లి, తండ్రి, వాటి తల్లిదండ్రులు, ఎక్కడివి, ఎలాంటి జబ్బులు చేశాయి అని రాసుకుంటూ వెళ్లాను.

చివరికి కైకలూరు వైపు ఇంకా బాతులు మేపుతున్న ఒక కుటుంబం దగ్గర దొరికింది. నాలుగేళ్ల మగది. నేను చూసింది దాని అందం కాదు. కొత్తవాళ్లం వెళ్తే దూరంగా నిలబడి చూసింది, యజమాని పిలిచాక వచ్చి వాసన చూసి పక్కన పడుకుంది. ఆ ఇంటి చిన్నపిల్ల దాని గిన్నెలో చేయి పెడితే తినడం ఆపి తలెత్తింది, అంతే. పిల్లలున్న ఇళ్లకు పంపాలనుకునే ఈతకు తండ్రిలో ఆ నిదానం ఉండాలి. పిరికితనం, అతి కోపం పిల్లలకు దిగే అవకాశం ఉంటుంది.

రెండింటికీ బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించాం. క్రాసింగ్‌తో అంటుకుని చూలు పోగొట్టే జబ్బు అది, మనుషులకూ సోకుతుంది. మగకుక్క ఇంటి పెద్దాయన మొదట నవ్వారు. "మా తాతల నాడు ఈ పరీక్షలు ఎక్కడివమ్మా" అన్నారు. డాక్టరు గారు ఫోన్‌లో విడమరిచి చెప్పాక ఒప్పుకున్నారు. మల్లికి టీకాలు, నులిపురుగుల మందు, పిడుదుల మందు కూడా ఈ వారంలోనే పూర్తి. తల్లికి టీకాలు సరిగ్గా పడితేనే ముర్రుపాలతో పిల్లలకు రక్షణ వెళ్తుంది.

సెప్టెంబరు చివర

ఎద వచ్చింది. రక్తం కనబడిన రోజే తీసుకెళ్లాలని చాలామంది తొందరపడతారు కానీ అప్పుడు ఆడది మగదాన్ని దగ్గరికే రానివ్వదు. మొదటి వారం, పది రోజులు అలాగే ఉంటుంది. గన్నవరం వెటర్నరీ కాలేజీలో మల్లి స్రావాన్ని గాజు స్లైడ్ మీద తీసి చూపించారు. సమయం దగ్గరపడేకొద్దీ గుండ్రంగా ఉండే కణాలు విరిగిన అప్పడం ముక్కల్లా కోణాలు తేలతాయి. ఆ స్లైడ్ చూశాకే కైకలూరు బయల్దేరాం. రోజు విడిచి రోజు రెండుసార్లు కలిపాం.

లాక్ పడ్డాక రెండూ వెనకలకు వెనకలుగా నిలబడిపోతాయి, ఒక్కోసారి అరగంట దాకా. ఆ సమయంలో నీళ్లు పోయడం, లాగడం చేస్తే రెండింటికీ గాయాలవుతాయి. చుట్టూ మూగిన కుర్రాళ్లను పంపేయడమే ఆ రోజు నేను చేసిన పెద్ద పని.

అక్టోబరు, నవంబరు

చూలు సుమారు 63 రోజులు. మొదటి నెలలో చెప్పుకోడానికేం లేదు. నెల దాటాక స్కానింగ్‌లో గుండెలు కొట్టుకోవడం కనిపించింది. ఆరో వారం నుంచి తిండి కొద్దికొద్దిగా పెంచి, పూటలు పెంచాం. కడుపు నిండా పిల్లలుంటే ఒకేసారి ఎక్కువ తినలేదు.

మందుల షాపులో కాల్షియం టానిక్ పట్టమన్నారు, పక్కింటావిడా అదే అన్నారు. డాక్టరు గారు గట్టిగా వద్దన్నారు. చూలులో బయట నుంచి కాల్షియం పోస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపే గ్రంథి పని తగ్గించుకుంటుంది. తీరా పాలిచ్చేటప్పుడు ఒక్కసారిగా కాల్షియం కావాల్సి వస్తే ఒళ్లు అందివ్వదు, వణుకు, ఫిట్స్ వస్తాయి. మంచి తిండి చాలన్నారు.

వడ్రంగితో ప్లైవుడ్ పెట్టె చేయించాం, నాలుగడుగులకు నాలుగడుగులు. లోపల నాలుగు గోడల వెంబడీ నేలకు నాలుగంగుళాల ఎత్తులో, గోడకు అంతే ఎడంగా పీవీసీ పైపు బిగించాం. తల్లి గోడకు ఆనుకుని పడుకుంటే వెనక ఇరుక్కున్న పిల్ల నలిగిపోకుండా ఆ పైపు కింద సందు మిగులుతుంది. వడ్రంగికి ఇది ఎందుకో అర్థమయ్యాక తనే పైపు చివర్లు అరగదీసి నున్నగా చేశాడు. మల్లికి మాత్రం పెట్టె నచ్చలేదు. జామచెట్టు కింద మోచేతి లోతు గుంట తవ్వుకుని అందులో పడుకుంది. జోనంగికి తవ్వడం పుట్టుకతో వచ్చే విద్య. రోజూ పెట్టెలోనే అన్నం పెట్టి, అది పడుకునే పాత దుప్పటి అందులోనే వేసి అలవాటు చేశాం.

ఎనిమిదో వారం చివర ఎక్స్‌రే. ఆరు పుర్రెలు లెక్క తేలాయి. ఎన్ని రావాలో తెలిస్తే ఆ రాత్రి సగం టెన్షన్ ఉండదు.

నవంబరు ఆఖరి వారం: పురుడు

పూటపూటకీ థర్మామీటర్ పెడుతున్నాం. మామూలుగా 101 దగ్గర ఉండే వేడి ఆ సాయంత్రం 98.6కి పడింది. 99 కిందికి దిగితే ఒక రోజులోపు ఈనుతుందని అర్థం. అన్నం ముట్టలేదు, దుప్పటి గీరింది, వణికింది. ఆటో అబ్బాయికి రాత్రి ఫోన్ ఆన్‌లో ఉంచుకోమని చెప్పి పెట్టాను.

అర్ధరాత్రి దాటాక మొదటిది. మల్లే సంచి చింపి, బొడ్డుతాడు కొరికి, నాకింది. మేం చేసిందల్లా పుట్టిన టైమ్, బరువు, మాయ పడిందా లేదా రాసుకోవడం. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోయినా, ఇంకా లోపల పిల్లలున్నాయని తెలిసీ రెండు గంటలు దాటినా, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ నీరు కనిపించినా ఇక ఇంట్లో కూర్చోకూడదు, ఆస్పత్రికి వెళ్లిపోవాలి. ఇవి కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించాను, నిద్రమత్తులో బుర్ర పనిచేయదని.

ఐదోది సంచిలోనే ఉండిపోయింది. మల్లి అప్పటికే అలిసిపోయి పట్టించుకోలేదు. సంచి మూతి దగ్గర చింపి, నోట్లో జిగురు గుడ్డతో తుడిచి, తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని పొడి తువాలుతో వీపు రుద్దాను. చేతుల్లో పట్టి ఊపడం పాత పద్ధతి, మెదడుకు దెబ్బ తగులుతుంది, చేయకూడదు. ఊదారంగులో ఉన్న నాలుక నెమ్మదిగా గులాబీ రంగుకు తిరిగింది. తర్వాత ఒక చిన్న కీచు. తల్లి చెవులు నిక్కాయి, లేచి దగ్గరికి లాక్కుంది.

తెల్లారేసరికి ఆరు పిల్లలు, ఆరు మాయలు. మెడకు వదులుగా రంగు ఊలుదారాలు కట్టాం: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. రోజూ వదులు చేయకపోతే బిగుసుకుంటాయి. ఒకటి తప్ప మిగతా ఐదూ 280 నుంచి 330 గ్రాముల మధ్య ఉన్నాయి. ఐదోదిగా పుట్టిన తెల్లదారం 214.

మొదటి వారం

పుట్టిన పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. పెట్టె లోపల 85 నుంచి 90 ఫారెన్‌హీట్ ఉండాలి. ఒక మూలకే బల్బు వేలాడదీశాం, వేడెక్కితే పక్కకు పాకిపోయే వీలుండాలి కదా. పిల్లలు ఒకదాని మీద ఒకటి గుట్టగా పడుంటే చలి, దూరదూరంగా పడి ఏడుస్తుంటే వేడి. థర్మామీటర్ కన్నా ఈ లెక్క తొందరగా తెలుస్తుంది.

వంటింటి డిజిటల్ కాటా ఇప్పుడు పిల్లలది. ఐదూ రోజురోజుకీ పెరుగుతున్నాయి. తెల్లదారం మర్నాటికి 196. మొదటి రోజు కొంచెం తగ్గడం మామూలే కానీ పదో వంతుకు దగ్గరపడితే చూస్తూ ఊరుకోకూడదు. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది.

మా అత్తయ్య ఉగ్గుగిన్నెలో ఆవుపాలు తెచ్చారు. "మీ ఆయన్ని ఇలాగే పెంచానే" అన్నారు. ఇక్కడ మూడు చిక్కులు. ఒకటి, పిల్ల చల్లగా ఉన్నప్పుడు పేగులు పనిచేయవు. లోపలికి వెళ్లిన పాలు అరగక ప్రాణం మీదికి వస్తుంది. ముందు వెచ్చబెట్టాలి. రెండు, కుక్కపాలల్లో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలకు రెట్టింపు దాకా ఉంటాయి. ఆవుపాలు కడుపు నింపుతాయి గానీ బరువు పెంచవు. మూడు, ఉగ్గు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కుక్కపిల్ల బోర్లా ఉండే తాగాలి. ఇవన్నీ చెప్తే అత్తయ్య ఒక్క నిమిషం ఆలోచించి, "సరే, వెచ్చబెట్టడం నాకొదిలెయ్" అని దాన్ని చీర కొంగులో చుట్టి పొట్టకు ఆనించుకుని కూర్చున్నారు. ఒళ్లు వేడెక్కాక వెనకవైపు చన్నుకు పట్టించాం, అక్కడ పాలు ఎక్కువ. పెద్దవాటిని కాసేపు బుట్టలో ఉంచి దానికి ఒక్కదానికే తల్లిని వదిలాం. రెండు గంటలకోసారి ఇదే పని, రాత్రుళ్లు సహా. నాలుగో రోజుకి పుట్టినప్పటి బరువు దాటింది. ఆ ఒక్క అంకె చూసి ఇంట్లో అందరం టీలు పెట్టుకున్నాం.

రెండు, మూడు వారాలు

కళ్లు తెరిచాయి, కొన్ని రోజులకి చెవులు. గోళ్లు వారానికోసారి కత్తిరించాలి, లేకపోతే తల్లి పొదుగు గీరుకుపోతుంది. చన్నులు గట్టిగా, వేడిగా ఉన్నాయేమో రోజూ తడిమి చూడాలి. రెండో వారంలో నులిపురుగుల మందు. తల్లికి ముందే వేసినా పిల్లల్లో పురుగులు పడ్డాయి. ఏలికపాములు కడుపులో ఉండగానే తల్లి నుంచి పిల్లలకు వస్తాయి, పాలతోనూ వస్తాయి. అందుకే ఎనిమిది వారాల దాకా రెండేసి వారాలకోసారి ఈ మందు తప్పదు.

నాలుగు నుంచి ఆరు వారాలు

డైరీలో ఎక్కువ రాయాల్సింది ఇక్కడ. మూడో వారం నుంచి మూడు నెలల దాకా కుక్కపిల్ల బుర్ర దేన్నైనా "ఇది మామూలే" అని ఒప్పుకునే కాలం. ఆ తర్వాత కొత్తదంటే భయమే ముందొస్తుంది. ఇళ్లల్లో బతకాల్సిన పిల్లలు కాబట్టి పెట్టెను వరండాలోంచి హాల్లోకి మార్చేశాం. కుక్కర్ విజిల్, మిక్సీ, టీవీలో సీరియల్ ఏడుపులు, బయట పాలవాడి హారన్. మిక్సీ మొదట పక్క గదిలో వేసి, అన్నం పెట్టేటప్పుడే వేసి, నెమ్మదిగా దగ్గరికి తెచ్చాం. కాళ్ల కింద గచ్చు, ఇసుక, తాటాకు చాప, తడి గడ్డి, అన్నీ తగలాలి.

మా వీధి చిన్నపిల్లలకు కొన్ని రూల్స్: నేల మీద కూర్చోవాలి, ఎత్తుకోకూడదు. పిల్ల తనంతట తను ఒళ్లోకి వస్తేనే నిమరాలి. చెప్పులు గేటు బయట, కాళ్లూ చేతులూ కడుక్కుని రావాలి. కుక్కపిల్లలకు సోకే పార్వో వైరస్ భయం. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకు అంటి ఇంట్లోకి వస్తుంది. ఫినాయిల్‌ను నమ్ముకోకూడదు, నీళ్లల్లో కలిపిన బ్లీచ్‌తో తుడిచాం.

తిండి మెత్తగా ఉడికించిన కోడిమాంసం, అన్నం, నానబెట్టిన పప్పీ ఫుడ్. మొదటి రోజు తిన్నదానికన్నా పూసుకున్నది ఎక్కువ. మసాలా, ఉల్లిపాయ పడ్డ కూర గిన్నెలు దూరం. ఉల్లి కుక్క రక్తకణాలను విరగ్గొడుతుంది. ఆరో వారంలో మొదటి టీకా. తల్లి పాల రక్షణ ఎప్పుడు దిగిపోతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అది ఉన్నంతసేపు టీకా సరిగ్గా పట్టదు. 16 వారాల దాకా మళ్లీ మళ్లీ వేయించేది అందుకే, డాక్టర్ల ఫీజుల కోసం కాదు.

సంక్రాంతి

భోగి మంటలు, పొద్దున్నే హరిదాసు చిడతలు, గంగిరెద్దు సన్నాయి. ఇంత మంచి శబ్దాల పాఠం కావాలన్నా దొరకదు. గంగిరెద్దును చూసి ఎర్రదారం గేటు దాకా వెళ్లింది, తెల్లదారం నా కాళ్ల వెనక నుంచి చూసింది.

హైదరాబాద్ నుంచి మా మరిది వరసయ్యే అబ్బాయి కుటుంబంతో వచ్చాడు. నల్లదారం వాళ్లది, ఆగస్టులోనే ఖాయమైంది. కనుమ మర్నాడు కార్లో తీసుకెళ్లిపోతామన్నాడు.

"వదినా, ఒక్క వారమే కదా తేడా. మళ్లీ దీనికోసం ఎక్కడ వస్తాం?"

"రాలేకపోతే మేమే తెచ్చిస్తాం. ఇప్పుడు మాత్రం ఇవ్వను."

"బాగా తింటోంది, టీకా కూడా అయిపోయింది. ఇంకేం కావాలి?"

అత్తయ్య కూడా వాడి వైపే. పండగపూట అడిగినవాణ్ని ఖాళీ చేతుల్తో పంపుతావా అని. నేను వాడిని పెట్టె దగ్గర కూర్చోబెట్టాను. నల్లదారం, పసుపుదారం కుస్తీ పడుతున్నాయి. నల్లది పసుపుదాని చెవి పట్టుకుని గట్టిగా కొరికింది. పసుపుది కుయ్యిమని అరిచి ఆట వదిలేసి తల్లి దగ్గరికి పోయింది. నల్లది ఒంటరిగా నిలబడి అటూ ఇటూ చూసింది. కాసేపటికి మళ్లీ వెళ్లి, ఈసారి చెవిని ఊరికే నోట్లో పెట్టుకుని వదిలింది. "పళ్లు ఎంత నొక్కితే ఆట, ఎంత నొక్కితే దెబ్బ అనేది ఇవి ఒకదానికొకటి నేర్పుకునేది ఇప్పుడే. ఇప్పుడే విడదీస్తే ఆ పాఠం మీ పాప చేతి మీద నేర్చుకుంటుంది," అన్నాను. పైగా ఒక్క డోసు టీకాతో, పండగ రద్దీలో, దారిలో దాబాల దగ్గర దింపుతూ తీసుకెళ్లడం. వాడు పాప వైపు చూసి ఇంకేం మాట్లాడలేదు. వాళ్లావిడ మాత్రం, "అక్కా, మీరే తెస్తానన్నారుగా, గుర్తుంచుకోండి" అని నవ్వింది.

ఎనిమిదో వారం దాటాక

ఒక్కొక్కటీ వెళ్తున్నాయి, అన్నీ ఒకే రోజు కాదు. అందరికీ ఇచ్చింది: టీకాల కార్డు, చర్మం కింద పెట్టించిన మైక్రోచిప్ నంబరు, వారానికి సరిపడా ఇప్పుడు తింటున్న తిండే, తల్లి వాసన ఉన్న గుడ్డముక్క, ఒక ఒప్పంద కాగితం. అందులో ముఖ్యమైన షరతు, ఏ వయసులోనైనా పెంచలేకపోతే పిల్ల మళ్లీ మా ఇంటికే రావాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు, వదిలేయకూడదు.

ఇద్దరిని కాదన్నాను. ఒకాయనకు పెద్ద డూప్లెక్స్, కుక్కను మేడ మీద గొలుసుతో కట్టేస్తారట, కింద మార్బుల్ పాడవుతుందని. భీమవరం వైపు చేపల చెరువు ఉన్నాయన కాపలాకి అన్నప్పుడు ఆయన్నీ వద్దందామనే అనుకున్నాను. కానీ గట్టు మీద కాపలా కుటుంబం ఉంటుంది, కుక్క వాళ్ల పిల్లలతోనే పెరుగుతుంది, రోజంతా విడిగా తిరుగుతుంది. వెళ్లి చూసొచ్చి ఆకుపచ్చదారాన్ని ఇచ్చాను. కాదన్న రెండో ఆయనకు పుట్టినరోజు సర్‌ప్రైజ్ గిఫ్ట్‌గా కుక్కపిల్ల కావాలట. ఇంట్లో ఆవిడకు ఇంకా తెలియదన్నారు, నేను పూర్తిగా వినలేదు.

తెల్లదారాన్ని ఇంకో రెండు వారాలు ఉంచాం. చప్పుళ్లకు కొంచెం వెనకాడుతోంది, పిల్లల గోల ఉన్న ఇల్లు దానికి సరిపడదు. రిటైరైన టీచరు దంపతులు ఇంటికొచ్చి, రోజూ సాయంత్రం అరగంట కూర్చుని వెళ్లేవాళ్లు. నాలుగైదు రోజులకి అదే వాళ్లు గేటు తీసే చప్పుడు గుర్తుపట్టింది.

ఫిబ్రవరి

మల్లి పాలు ఎండిపోయాయి, ఒళ్లు తేరుకుంటోంది. వచ్చే ఎదకు క్రాసింగ్ లేదు.

టీచరమ్మ గారు ఫోన్ చేశారు. తెల్లదారం తులసికోట పక్కన గుంట తవ్విందట. కొట్టొద్దు, పెరట్లో ఒక మూల ఇసుక పోసి అందులో బిస్కెట్ ముక్కలు పూడ్చండి, తవ్వుడంతా అక్కడికి మారుతుందని చెప్పాను. హైదరాబాద్ నుంచి నల్లదారం పాప చెప్పు నమిలిన ఫోటో వచ్చింది.

మూడు నెలలు నిండుతున్నాయి, రేబిస్ టీకా వేయించాలి. నాలుగిళ్ల నుంచి కార్డు ఫోటోలు వచ్చాయి. నీలందారం వాళ్లకీ, చెరువాయనకీ ఇవాళ ఫోన్ చేయాలి.